పాముకాటు పాఠం, పది టీములు: శ్రీకాకుళం నర్సింగ్ క్లాసులో ఒక టీబీఎల్ కేస్ స్టడీ

బీఎస్సీ నర్సింగ్‌లో పాముకాటు పాఠం మామూలుగా గంటలో అయిపోతుంది. నాలుగు పాముల పేర్లు, విషం రకాలు, ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) మోతాదు, రియాక్షన్ వస్తే అడ్రినలిన్. పరీక్షలో షార్ట్ నోట్ అడిగితే పిల్లలు బాగానే రాస్తారు. అదే పిల్ల ఏడాది తిరిగేసరికి పీహెచ్‌సీలో నైట్ డ్యూటీలో ఉంటుంది. తెల్లారుజామున కడుపునొప్పి అంటూ ఒక మనిషిని ఆటోలో దించుతారు. ఒంటి మీద గాటు లేదు, కనురెప్పలు మాత్రం వాలిపోతున్నాయి. షార్ట్ నోట్‌లో ఈ మనిషి ఉండదు. ఉన్న కాస్త సమాచారంతో, పక్కనున్న ఇద్దరితో మాట్లాడుకుని, అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి తేల్చుకోవడం ఎక్కడా నేర్పలేదు.

శ్రీకాకుళంలోని ఒక నర్సింగ్ కాలేజీలో 60 మంది బ్యాచ్‌కి ఈ పాఠాన్ని టీమ్ బేస్డ్ లెర్నింగ్ పద్ధతిలోకి మార్చారు. ముందే చదివి వచ్చి, క్లాసులో టీములుగా వాదించుకుని తేల్చుకునే పద్ధతి ఇది, వాడుకలో టీబీఎల్ అంటారు. ఆ యూనిట్‌ని ఎలా కట్టారు, క్లాసు ఎలా నడిచింది, ఎక్కడ బెడిసికొట్టింది అనేదే ఈ రాత. ఇది చదివి ఇంకో కాలేజీలో ఇంకో పాఠానికి వాడుకోవాలన్నది ఉద్దేశం కాబట్టి కాగితం మందం దగ్గర్నుంచీ రాస్తున్నాం.

టీబీఎల్ ఎందుకు, పీబీఎల్ ఎందుకు కాదు

టీబీఎల్ పుట్టింది వైద్యంలో కాదు. 1970ల చివర్లో అమెరికాలోని ఓక్లహోమా యూనివర్సిటీలో లారీ మైకెల్సన్ అనే బిజినెస్ ప్రొఫెసర్‌కి 40 మంది ఉండాల్సిన క్లాసు 120 అయింది. చర్చలతో పాఠం చెప్పే అలవాటు వదులుకోలేక ఆయన వేసిన ఎత్తు ఇది. 2000 దాటాక బేలర్ మెడికల్ కాలేజీ ద్వారా వైద్య విద్యలోకి వచ్చింది.

మన కాలేజీలకి ఇది సరిపోవడానికి కారణం ఆ పుట్టుకలోనే ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో 1969లో మొదలైన పీబీఎల్‌కి (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, చిన్న గుంపులుగా ఒక కేసు చుట్టూ నేర్చుకోవడం) ఏడెనిమిది మంది పిల్లలకో ట్యూటర్ కావాలి. 60 మందికి ఎనిమిది మంది ట్యూటర్లని ఒకే పూట ఖాళీ చేయించగల కాలేజీ ఈ జిల్లాలో ఎక్కడుంది? టీబీఎల్‌లో పది టీములకీ కలిపి ఒక్క ఫెసిలిటేటర్, అంటే క్లాసు నడిపే మనిషి, చాలు. కాగితాలు పంచడానికి, ఏరడానికి ఇంకొకరు తోడుంటే హాయి. అందరూ ఒకే గదిలో ఉంటారు.

చర్చకి చోటుండాలని పైనుంచి వచ్చే నియమాలు కూడా చెబుతూనే ఉన్నాయి. ఎంబీబీఎస్‌లో లెక్చర్లు మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదన్నది ఉన్న రూలే. చర్చ పెట్టడానికి అడ్డు రూలు కాదు, టైమ్ టేబుల్. ఈ యూనిట్‌కి రెండున్నర గంటలు ఏకబిగిన కావాలి. యాభై నిమిషాల పీరియడ్లు మూడు వరుసగా దొరికే రోజు చూసుకోవాలి. ఒక రోజు టెస్టులు, మర్నాడు చర్చ అని విడగొడితే రెండో రోజుకి వేడి చల్లారిపోతుంది.

వెనక నుంచి కట్టాలి

యూనిట్ తయారు చేసేటప్పుడు ఎక్కువమంది ముందు పీడీఎఫ్ వెతుకుతారు, తర్వాత అందులోంచి పది బిట్లు తీస్తారు, చివర్న ఓపికుంటే ఒక కేసు అతికిస్తారు. అలా కట్టిన టీబీఎల్ గోలగోలగా జరిగే స్లిప్ టెస్టుగా మిగిలిపోతుంది. ఈ యూనిట్‌లో వరస తిరగేశారు. పాఠం అయ్యాక ఈ పిల్ల ఏ నిర్ణయం తీసుకోగలగాలి అన్నది ముందు తేల్చారు. మూడు తేలాయి: రక్తం గడ్డకట్టే పరీక్ష ఫలితాన్ని నమ్మాలా వద్దా, రియాక్షన్ తగ్గాక ఏఎస్‌వీని ఏం చెయ్యాలి, పక్షవాతం ముదురుతున్న మనిషిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు అంబులెన్స్‌లో ఏముండాలి. ఈ మూడింటికీ అప్లికేషన్ ప్రశ్నలు, అంటే చదివినదాన్ని ఒక కేసుకి వాడి తేల్చాల్సినవి, రాశారు. వాటిని ఛేదించడానికి ముందుగా ఏం తెలిసుండాలో చూసుకుని పది బిట్లు రాశారు. ఆ పది బిట్లకి ఎంత చదవాలో అంతే చదవమని ఇచ్చారు. వచ్చింది తొమ్మిది పేజీలు. పాముల వర్గీకరణ, విషంలోని ఎంజైముల పేర్లు అన్నీ ఎగిరిపోయాయి. పాఠం చెప్పే మేడమ్‌లకి అన్నిటికన్నా కష్టంగా తోచేది ఈ ఎగరగొట్టడమే.

టీములు

60 మంది, పది టీములు, టీముకి ఆరుగురు. అయిదుకి తగ్గితే తెలిసినవాళ్ళు చాలరు, ఏడు దాటితే ఇద్దరు వెనక్కి జారుకుంటారు. ఒకసారి కట్టిన టీము సెమిస్టర్ చివరిదాకా మారదు. టీము కుదురుకోవడానికి ఒకటి రెండు యూనిట్లు పడుతుంది కాబట్టి ప్రతిసారీ కొత్తగా కలిపితే ప్రతిసారీ మొదటి రోజే.

పిల్లలని ఎంచుకోమంటే రూమ్మేట్లు ఒక టీమవుతారు. రోల్ నంబర్ ప్రకారం విడదీస్తే అదీ పాత స్నేహమే, ఎందుకంటే ల్యాబ్ బ్యాచ్‌లు, క్లినికల్ పోస్టింగులు ఆ వరుసలోనే నడుస్తున్నాయి. ఇక్కడ చేసింది ఇది. గోడ వెంట వరుసలో నిలబడమని, ఒక్కో ప్రశ్నకి అవునన్నవాళ్ళని ముందుకి రమ్మన్నారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివినవాళ్ళు ముందు. తర్వాత ఇంట్లో వ్యవసాయమో తోట పనో ఉన్నవాళ్ళు. తర్వాత ఉద్దానం వైపు నుంచి, మన్యం జిల్లా నుంచి వచ్చినవాళ్ళు. తర్వాత ఇంట్లో ఆశా వర్కరో ఏఎన్ఎమ్మో ఉన్నవాళ్ళు. చివరికి మిగిలినవాళ్ళు. ఆ వరుసలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టించి, ఒకే అంకె వచ్చినవాళ్ళని ఒక టీము చేశారు. అందరి ఎదుటా జరిగింది కాబట్టి "మమ్మల్నే ఎందుకిలా వేశారు" అన్న మాట రాలేదు. మార్కుల ప్రకారం మాత్రం అందరి ముందూ వరుస కట్టించకూడదు. కిందున్న పిల్ల ఆ రోజు నుంచే నోరు విప్పదు.

గది సంగతి. మెట్ల గ్యాలరీలో బెంచీలు కదలవు. ముందు బెంచీలో ముగ్గురు వెనక్కి తిరిగి కూర్చుంటే వెనక బెంచీలో ముగ్గురితో టీము కుదురుతుంది. టీముకీ టీముకీ మధ్య ఒక వరుస ఖాళీ ఉంచాలి. ప్రొజెక్టర్ మీద ఆధారపడకుండా అన్నీ కాగితం మీదే ఉంచారు, కరెంటు పోయినా క్లాసు ఆగదు. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా టీముకో అట్ట ఫైలు ఇస్తే అన్నీ అందులోనే ఉంటాయి. చిన్న విషయమే, కానీ పది టీముల కాగితాలు కలిసిపోయిన పూట దీని విలువ తెలుస్తుంది.

ఇద్దరు ముగ్గురు రాని రోజు పక్క టీముతో కలపాలనిపిస్తుంది. కలపొద్దు. నలుగురున్నా ఆ టీమే నడవాలి. ముగ్గురికి పడిపోతేనే, ఆ పూటకి మాత్రం, వేరే ఏర్పాటు.

చదివి రావడం

తొమ్మిది పేజీలు అయిదు రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. హాస్టల్లో ఫోన్ వాడుకకి ఆంక్షలుంటాయి కాబట్టి టీముకి రెండు చొప్పున 20 జిరాక్స్ సెట్లు కూడా ఇచ్చారు. పేజీలు ఇంగ్లిషులో ఉన్నాయి, పరీక్ష ఇంగ్లిషులోనే కనుక. మొదటి పేజీలో సగం మాత్రం తెలుగు: ఈ పేజీలు చదువుతూ ఏ అయిదు ప్రశ్నలకి జవాబు వెతుక్కోవాలో. "కట్లపాము కాటుకి గాటు ఎందుకు కనబడదు?", "గాజు గొట్టమే ఎందుకు, ప్లాస్టిక్‌ది ఎందుకు పనికిరాదు?" ఇలాంటివి. ఈ అర పేజీ లేకపోతే పిల్లలు తొమ్మిది పేజీలనీ ఎక్కణ్ణుంచి పట్టుకోవాలో తెలియక బట్టీకి దిగుతారు.

ఐ-రాట్, టీ-రాట్

మొదట ఎవరికి వారు రాసే పరీక్ష, ఐ-రాట్ (ఇండివిడ్యువల్ రెడీనెస్ అస్యూరెన్స్ టెస్ట్). పది బిట్లు, 12 నిమిషాలు, పుస్తకం మూసి. కాగితాలు ఏరేసుకున్నాక అవే పది బిట్లు టీము మొత్తం కలిసి రాస్తే అది టీ-రాట్, 25 నిమిషాలు, అప్పుడూ పుస్తకం మూసే. జవాబు గీకితే తెలిసే స్క్రాచ్ కార్డు మీద రాస్తారు. మొదటి గీకుడికే గుర్తు కనిపిస్తే 4 మార్కులు, రెండోసారికి 2, మూడోసారికి 1, నాలుగోదానికి సున్నా.

ఈ కార్డులని బయటి నుంచి తెప్పించకుండా కాలేజీలోనే చేశారు. పది బిట్లు, బిట్టుకి నాలుగు గళ్ళు, కార్డుకి 40. పది టీములకి 400 వెండి రంగు స్క్రాచ్ స్టిక్కర్లు. రోల్‌గా దొరుకుతాయి. ఇక్కడ రెండు చోట్ల బోల్తా పడతారు. మామూలు 70 జీఎస్ఎమ్ జిరాక్స్ కాగితం మీద చేస్తే ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా ఎత్తి చూసిన పిల్లకి గుర్తు కనబడిపోతుంది. 250 జీఎస్ఎమ్ అట్ట వాడాలి. ఇంకొకటి, గుర్తు ముదురు నల్లగా అచ్చేస్తే స్టిక్కర్ మీదకి నీడలా తేలుతుంది. లేత బూడిద రంగు చుక్క చాలు, మిగతా మూడు గళ్ళలో అదే రంగులో గీత వెయ్యాలి. స్టిక్కర్లు ముందురోజు సాయంత్రమే అంటించి బరువు కింద పెడితే గోటికి ఊడిరావు. ఇంత ఓపిక లేనివాళ్ళు ఫెసిలిటేటర్ దగ్గరకొచ్చి జవాబు చూపించుకుని వెళ్ళే పద్ధతి పెడతారు. పది టీములు టేబుల్ ముందు క్యూ కడితే టైమంతా అక్కడే పోతుంది, పక్క టీము జవాబు చెవిన పడుతుంది.

స్క్రాచ్ కార్డు చేసే పని కంటితో చూడాలి. నాలుగో బిట్టు ఇది: ఆరేళ్ళ బాబుకి రక్తపింజర కాటు, రక్తం గడ్డకట్టలేదు, మొదటి డోసు ఏఎస్‌వీ ఎన్ని వైల్స్ (మందు సీసాలు)? ఎంపికలు 2, 5, 10, 20. పిల్లల వార్డులో ప్రతి మందూ బరువుని బట్టి లెక్కగట్టడం అలవాటైనవాళ్ళు కాబట్టి ఐ-రాట్‌లో 5 వైపు మొగ్గు. ఒక టీములో క్లాసు టాపర్ అప్పటికే గోరు గడి మీద పెట్టింది. కార్డు పట్టుకున్న పిల్ల ఆపి, ఇంకో మూల కూర్చున్నామెని అడిగింది. వజ్రపుకొత్తూరు వైపు పిల్ల, అంతదాకా మాట్లాడలేదు. "పాముకేటి తెల్సు, కరిసింది గుంటడినో పెద్దోడినో?" అంది. టీము నవ్వింది, తర్వాత ఆగింది, 10 గీకింది, చుక్క కనబడింది. పాము వదిలే విషం మనిషి సైజుని బట్టి మారదు కాబట్టి దాన్ని విరిచే మందూ తగ్గదు. పిల్లలకి జాగ్రత్త పడాల్సింది సెలైన్ పరిమాణం దగ్గర. పేజీలో ఉన్న వాక్యమే ఇది, కానీ ఆ పిల్ల చెప్పాక ఆ టీములో ఎవరూ మర్చిపోరు.

టాపర్ పెత్తనాన్ని కూడా కార్డే సర్దుతుంది. రెండు బిట్లలో ఆమె చెప్పిన గడి ఖాళీగా తేలగానే మూడోదానికి అందర్నీ అడగడం మొదలవుతుంది. దానికి తోడు రెండు రూల్స్ పెట్టారు: గీకేముందు ఆరుగురూ వేళ్ళతో తమ ఎంపిక చూపించాలి, గీకే మనిషి ప్రతి బిట్టుకీ మారాలి.

ఐ-రాట్‌లో చూచిరాత ఉంటుంది, కాదని నటించొద్దు. టీముగా కూర్చున్నాక ఐ-రాట్ పెడితే మరీ ఎక్కువ. టీముల్లోకి వెళ్ళకముందే, మామూలు పరీక్ష కూర్చోబెట్టినట్టు దూరంగా కూర్చోబెట్టి రాయించాలి. బిట్ల వరుస మార్చిన రెండు సెట్లు మాత్రం వద్దు, టీ-రాట్ కార్డుతో వరుస కలవక గందరగోళమవుతుంది.

అప్పీళ్ళు

టీ-రాట్ అయ్యాక పది నిమిషాలు పుస్తకాలు తెరవనిస్తారు. మా జవాబు కూడా సరైనదే అని టీముకి అనిపిస్తే కాగితం మీద రాసివ్వాలి: పేజీ నంబరు, అందులోని వాక్యం, తమ వాదన. నోటిమాట అప్పీలు తీసుకోకూడదు, తీసుకుంటే అది మార్కుల బేరమవుతుంది. ఒప్పుకున్న మార్కులు రాసిచ్చిన టీముకే, మిగతా వాళ్ళకి కాదు.

ఈ క్లాసులో నెగ్గిన అప్పీలు ఒకటుంది. రక్తం గాజు గొట్టంలో గడ్డకడుతుందా అని చూసే 20 నిమిషాల పరీక్ష మీద బిట్టు ఇలా ఉంది: "20 నిమిషాల పరీక్షని మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి?" కార్డులో చుక్క ఆరు గంటల దగ్గర ఉంది. మొదటి పరీక్షలో రక్తం గడ్డకట్టిందో లేదో ప్రశ్నలో లేదని రెండు టీములు రాశాయి. గడ్డకట్టనివాళ్ళకి ఏఎస్‌వీ ఇచ్చిన ఆరు గంటలకి మళ్ళీ చూస్తారు. గడ్డకట్టినవాళ్ళకి మొదటి మూడు గంటలు గంటకోసారి, తర్వాత 24 గంటల దాకా ఆరు గంటలకోసారి. గంట అన్న జవాబు కూడా రైటే. అప్పీలు నెగ్గింది, బిట్టు అక్కడికక్కడే కొట్టేసి తిరగరాశారు. ప్రశ్నల్లో లొసుగులు వెతకడానికి ఇంతకన్నా మంచి తనిఖీ వేరే లేదు. ఏడాదిలో ఒక్క అప్పీలూ రాలేదంటే ప్రశ్నలు అద్భుతంగా ఉన్నట్టు కాదు, పిల్లలు ఆ కాగితం పట్టించుకోవడం మానేశారని.

తర్వాత పావుగంట మినీ లెక్చర్. టీ-రాట్‌లో మూడు టీములకన్నా ఎక్కువ తడబడిన బిట్ల మీదే మాట్లాడాలి. ఇక్కడ పాఠం చెప్పే మనిషికి నాలుక దురద పెడుతుంది. పావుగంట నలభై నిమిషాలైతే అప్లికేషన్‌కి టైము ఉండదు, టీబీఎల్ అక్కడితో సరి. గడియారం రెండో మనిషి చేతికివ్వడం మేలు.

అప్లికేషన్ ప్రశ్నలు

క్లాసు సారమంతా ఇక్కడే. ప్రతి ప్రశ్నకీ నాలుగు కట్టుబాట్లు: పని దగ్గర నిజంగా ఎదురయ్యేదై ఉండాలి, పది టీములకీ ఒకటే ప్రశ్న, జవాబు ఒక్క అక్షరంగా తేలాలి, అందరూ ఒక్కసారే చూపించాలి. చూపించడానికి ఏ, బీ, సీ, డీ అని నాలుగు రంగుల అట్టలు. మూడంటే పది అట్టలూ ఒకేసారి లేవాలి. ఒకరి తర్వాత ఒకరిని అడిగితే రెండో టీము నుంచే మొదటి టీము వెంట పడతారు. పుస్తకం తెరుచుకోవచ్చు, ఫోనూ చూసుకోవచ్చు, ఎందుకంటే జవాబు అక్కడ దొరక్కుండా రాయడమే ప్రశ్న రాసేవారి పని.

మొదటి ప్రశ్న. పొలంలో కాలికి కాటు, గంటలోపే వచ్చాడు. వాపు లేదు, ఎక్కడా రక్తస్రావం లేదు. రెండు మి.లీ. రక్తం గాజు గొట్టంలో కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి వంచితే నీళ్ళలా జారింది. గొట్టం ల్యాబ్‌లో సర్ఫ్‌తో కడిగి ఆరబెట్టిన వాటిలోది. ఏ: ఏఎస్‌వీ మొదలుపెట్టమని డాక్టర్‌కి చెప్పాలి. బీ: కొత్త గొట్టంలో, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంతో పాటు మళ్ళీ చెయ్యాలి. సీ: ఆరు గంటలు ఆగాలి. డీ: గొట్టం ఊపి ఇంకో పది నిమిషాలు చూడాలి. పరీక్షలో రక్తం గడ్డకట్టలేదంటే ఏఎస్‌వీ అని చదువుకుని వచ్చినవాళ్ళు 'ఏ' ఎత్తారు. బీ ఎత్తిన టీములు సర్ఫ్ మాట పట్టుకున్నాయి. మామూలు గాజు గోడ తగిలితేనే రక్తానికి గడ్డకట్టే ప్రేరణ వస్తుంది. సబ్బు పొర ఉన్నా, ప్లాస్టిక్ గొట్టమైనా ఆ ప్రేరణ అందదు, విషం లేకపోయినా రక్తం జారుతుంది. తోడొచ్చిన బంధువు రక్తం కూడా అదే రకం గొట్టంలో గడ్డకట్టకపోతే దోషం గొట్టానిదని తేలిపోతుంది. 'ఏ' ఎత్తినవాళ్ళు ఊరికే వదల్లేదు: "ఇరవై నిమిషాలు పోగొట్టి మనిషి ప్రాణం మీదకి తెస్తారా?" మంచి ప్రశ్న. రక్తం కారుతూనో వాపు పాకుతూనో ఉంటే ఆగకూడదు, ఈ మనిషికి అవేమీ లేవు అన్నది ఇంకో టీమే చెప్పింది. ఫెసిలిటేటర్ నోరు మెదపలేదు.

రెండో ప్రశ్న మొదట ఇలా రాశారు: ఏఎస్‌వీ డ్రిప్ మొదలైన పావుగంటకి దద్దుర్లు, దగ్గు, మొట్టమొదట ఏం చేస్తారు? ఇది అప్లికేషన్ ప్రశ్న కాదు, ఐ-రాట్ బిట్టు. డ్రిప్ ఆపాలి, కండలోకి అడ్రినలిన్ 0.5 మి.గ్రా. ఇవ్వాలి అని పేజీలోనే ఉంది. పది అట్టలూ ఒకే రంగులో లేస్తాయి, మాట్లాడ్డానికేం మిగలదు. అందుకని కథని అర గంట ముందుకి జరిపారు. డ్రిప్ ఆపారు, అడ్రినలిన్ ఇచ్చారు, దద్దుర్లు తగ్గాయి, బీపీ నిలకడగా ఉంది. పది వైల్స్‌లో నాలుగు లోపలికెళ్ళాయి, ఆరు మిగిలాయి, రెప్పలు ఇంకా వాలుతున్నాయి. ఇప్పుడు? ఏ: ఇక ఏఎస్‌వీ ఈ మనిషికి పనికిరాదు, ఆపెయ్యాలి. బీ: నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టి చూస్తూ ఉండాలి. సీ: పాత స్పీడులోనే పెట్టాలి. డీ: అలర్జీ ఇంజెక్షన్లిచ్చి ఆరు గంటలాగాలి. అట్టలు మూడు రంగుల్లో లేచాయి. పెన్సిలిన్ రియాక్షన్ వచ్చినవాళ్ళకి మళ్ళీ ఇవ్వకూడదని ఫార్మకాలజీలో చదివింది 'ఏ' అట్ట వైపు లాగుతుంది. కానీ ఇక్కడ మందు మానేస్తే విషం మిగిలిపోతుంది, ప్రత్యామ్నాయం లేదు. కోలుకున్నాక 10-15 నిమిషాలు మెల్లగా ఎక్కించి, దగ్గరుండి చూసి, తర్వాత మామూలు వేగానికి రావాలి. అందుకే పక్కన అడ్రినలిన్ రెండో సిరంజి లాగి పెట్టుకోవాలని ఒక టీము జోడించింది. ప్రశ్నలో అడగని సంగతి అది.

మూడోది అసలైనది. ఆగస్టు నెల, ఉద్దానంలో జీడితోట పక్క ఇల్లు. అరుగు మీద చాప వేసుకు పడుకున్న 34 ఏళ్ళావిడ. కేస్ షీట్‌లో ఆమె మాట ఉన్నదున్నట్టు పెట్టారు: "నిద్దట్లో ఏటో కుట్టినట్టయింది, సీమేమో అనుకున్నాను. తెల్లారగట్ల కడుపులో ఒకటే నొప్పి. ఇప్పుడు కళ్ళు ఇప్పనేకపోతన్నాను." గాటు లేదు, రక్తం గడ్డకట్టింది. పీహెచ్‌సీలో పది వైల్స్ ఎక్కించారు, అట్రోపిన్ 0.6 మి.గ్రా. తో నియోస్టిగ్మిన్ (చచ్చుబడ్డ కండరాలకి బలం తెచ్చే మందు) ఇచ్చారు, గుణం లేదు. మాట ముద్దగా వస్తోంది. జిల్లా ఆసుపత్రికి గంటన్నర దారి, 108 గేటు దగ్గర ఉంది. అంబులెన్స్ కదలకముందు వీటిలో ఏ ఒక్కటి లేకపోతే మీరు బండి ఆపుతారు? ఏ: ఇంకో పది వైల్స్ ఏఎస్‌వీ. బీ: చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్, దాన్ని వాడడం వచ్చిన మనిషి. సీ: నియోస్టిగ్మిన్ తర్వాతి డోసులు. డీ: ఫోన్ చేసి ఆసుపత్రిలో వెంటిలేటర్ మంచం ఖాయం చేసుకోవడం.

"ఒక్కటి లేకపోతే బండి ఆపుతారా" అన్న మాటే ఈ ప్రశ్నకి ప్రాణం. "ఏమేం పంపాలి?" అని అడిగితే టీములు నాలుగూ రాసేసి పెన్ను మూస్తాయి. ఒకటే అనేసరికి ఎందుకో చెప్పాల్సొస్తుంది. 'ఏ' ఎత్తినవాళ్ళ దగ్గర బలమైన వాదన ఉంది: నరాల మీద పనిచేసే విషానికి గంట తర్వాత కూడా గుణం లేకపోతే రెండో పది ఇస్తారు, దారిలోనే ఆ గంట దాటుతుంది. సీ వాళ్ళని మిగతావాళ్ళు తొందరగానే కిందకి దించారు: మూడు డోసులకి గుణం లేకపోతే నియోస్టిగ్మిన్ ఆపేస్తారు, అది కట్లపాము అనడానికి గుర్తు. బీ వాళ్ళు చెప్పింది: కట్లపాము విషం ఇప్పటికే నరం కొసల్ని దెబ్బతీసింది, అక్కడ జరిగిన నష్టాన్ని ఎన్ని వైల్స్ అయినా వెనక్కి తీసుకురాలేవు, మాట ముద్దైంది అంటే గొంతు, ఛాతీ తర్వాతి వంతు, ఊపిరి మనం పోస్తూ ఉంటే ఈ మనిషి బతుకుతుంది, రెండో పది వైల్స్ దిగాక ఇచ్చుకోవచ్చు. డీ ఎత్తిన టీము చివర్న చేయి పైకెత్తి, వెంటిలేటర్ ఖాళీ లేని చోటుకి బ్యాగ్ నొక్కుకుంటూ వెళ్ళి ఏం లాభం అంది. పదినిమిషాలు పట్టిందా వాదనకి. జవాబు బీ అని చెప్పాక కూడా డీ టీము ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఫోన్ బండి కదిలాక కూడా చెయ్యొచ్చు, బ్యాగ్ అలా కాదు అన్నంత వరకు వాళ్ళు రాసుకున్నారు.

ఈ దశలో ఫెసిలిటేటర్ చెయ్యాల్సింది తక్కువ, చెయ్యకూడనిది ఎక్కువ. తక్కువమంది ఎత్తిన రంగుని ముందు మాట్లాడించాలి, లేకపోతే గుంపు చూసి జంకుతారు. "గుడ్" అనకూడదు, తలాడించకూడదు. మన పిల్లలు మేడమ్ మొహం చదవడంలో పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు. కనుబొమ్మ కదిలితే జవాబు తెలిసిపోయినట్టే. టీము మాట్లాడుతున్నప్పుడు మేడమ్ వైపు కాకుండా ఎదుటి టీము వైపు తిరిగి మాట్లాడమనాలి, ఫెసిలిటేటర్ గది వెనక్కి వెళ్ళి నిలబడితే అది దానంతటదే జరుగుతుంది.

ఏ భాషలో

బిట్లు ఇంగ్లిషులో, కేసులో పేషెంటు మాట శ్రీకాకుళం తెలుగులో, చర్చ వాళ్ళకి ఏది వస్తే అది. చర్చ కూడా ఇంగ్లిషులోనే జరగాలని పట్టుబట్టిన క్లాసుల్లో ఆరుగురిలో ఇద్దరే మాట్లాడతారు. అప్పీలు, అట్ట ఎత్తాక చెప్పే ఒక్క వాక్యం మాత్రం ఇంగ్లిషులో రాయాలన్నారు, కేస్ షీట్ రాసే అలవాటుకి పనికొస్తుందని. పేషెంటు మాటని తెలుగులో పెట్టడం వేడుకకి చేసింది కాదు. "కళ్ళు ఇప్పనేకపోతన్నాను" అన్నది టోసిస్ (రెప్పలు వాలిపోవడం) అని పోల్చుకోవడమే పరీక్ష. ఇంగ్లిషులో "టోసిస్" అని అచ్చేసిస్తే ఆ పని మనమే చేసిపెట్టినట్టు. బయటి జిల్లాల పిల్లలు ఇక్కడే పక్కవాళ్ళని అడుగుతారు.

తోటివాళ్ళ మార్కులు

మైకెల్సన్ పద్ధతిలో ప్రతివాళ్ళూ మిగతా అయిదుగురికి మొత్తం 50 మార్కులు పంచాలి, అందరికీ పదేసి ఇవ్వడానికి వీల్లేదు, ఒకరికైనా 11, ఒకరికైనా 9 పడాలి. కాగితం మీద బాగుంది. హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళకి అది పనిచేయదు. ఎవరు ఎవరికి తొమ్మిది వేశారో సాయంత్రానికి తెలిసిపోతుంది, ఆ తర్వాత టీములో ఆ ఇద్దరూ మాట్లాడుకోరు. లేదా ముందే కూడబలుక్కుని తొమ్మిదిని వంతులవారీగా తిప్పుతారు. ఇక్కడ మార్కులు లేకుండా ఒక్కొక్కరికి రెండు వాక్యాలు రాయించారు: మా టీముకి నువ్వు చేసిన మేలు, వచ్చే యూనిట్‌కి మార్చుకోవాల్సింది. పేర్లు తీసేసి, టైపు చేసి ఎవరివి వాళ్ళకిచ్చారు. "మేలు" కింద "మంచి అమ్మాయి" లాంటివి రాస్తే వెనక్కిచ్చి ఏం చేసిందో రాయమనాలి. రెండో సెమిస్టర్‌లో, టీము కుదురుకున్నాక, మార్కులు కలపాలా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ఐ-రాట్, టీ-రాట్ మార్కులు రెండూ ఇంటర్నల్స్‌లో నిరంతర మూల్యాంకనం కింద చిన్న వాటాగా వేశారు. ఐ-రాట్‌కి బొత్తిగా మార్కు లేకపోతే చదివి రారు, ఎక్కువ పెడితే చూచిరాత పెరుగుతుంది. అప్లికేషన్ ప్రశ్నలకి మార్కులు పెట్టకపోవడమే మంచిది. పెడితే వాదించడం మానేసి జవాబు ఊహించడం మొదలుపెడతారు.

వచ్చే బ్యాచ్‌కి

ప్రశ్నలు జూనియర్లకి చేరతాయి, కార్డుల ఫొటోలతో సహా. ఐ-రాట్ బిట్లలో ఎంపికల వరుస మార్చి, అంకెలు మార్చి నెట్టుకురావచ్చు. అప్లికేషన్‌లో పేషెంటు వయసు, ఊరు మారిస్తే చాలదు, నిర్ణయమే మారాలి. మూడో ప్రశ్నకి బదులుగా తయారవుతున్నది ఇది: కంచిలి వైపు కొబ్బరితోటలో రక్తపింజర కాటు, 52 ఏళ్ళాయన, ఉద్దానం కిడ్నీ జబ్బుతో ముందునుంచే క్రియాటినిన్ ఎక్కువ. పది వైల్స్ అయ్యాయి, ఆరు గంటల తర్వాత కూడా రక్తం గడ్డకట్టలేదు, మూత్రం తగ్గింది. రెండో డోసు ఇక్కడే ఇవ్వాలా, ఇచ్చి డయాలసిస్ ఉన్న చోటుకి పంపాలా, పంపాక అక్కడ ఇవ్వనివ్వాలా, ఇస్తే సెలైన్ ఎంత? రక్తపింజర విషం బాగున్న కిడ్నీనే దెబ్బతీస్తుంది. ఈయన కిడ్నీ ముందే సగం పోయింది. ఎంపికలు రాశారు, సెలైన్ పరిమాణం దగ్గర ఏ, సీ రెండూ నిలబడేలా ఉన్నాయి. నెఫ్రాలజీ డాక్టర్ ఒకరు, పీహెచ్‌సీలో పనిచేస్తున్న స్టాఫ్ నర్స్ ఒకరు విడివిడిగా చదివి, విడివిడిగా అట్ట ఎత్తాకే దీన్ని క్లాసులోకి తేవాలి. ఇద్దరి రంగులూ వేరైతే ప్రశ్న పారేయనక్కర్లేదు. ఎక్కడ వేరయ్యారో చూసి, కేసులో ఆ ఒక్క వివరం, మూత్రం గంటకి ఎన్ని మి.లీ. అన్నది, చేర్చాలి.